ముక్కకు ముక్క తోడైతే

పేక అనే మాట వినగానే మన ఇళ్ళలోని పెద్దలు ముఖం చిట్లించడం కద్దు. పందెం పేకాట వలన పొలాలు, పుస్తెలు పోగొట్టుకొన్న కుటుంబాలను చూచినవారికి ఆ భయం సహజమే. ఐతే పందెం వేరు, ఆట వేరు. 1967లో ఆంధ్రప్రదేశ్ నుండి తన ముందుకు వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని పరిశీలించింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన వ్యవహారమది. ఏ ముక్క పడినదో గుర్తుంచుకోవడం, ఏది చేత ఉంచుకోవాలో, ఏది పారవేయాలో నిర్ణయించుకోవడం నైపుణ్యంతో కూడిన పనులేనని, కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటయేనని ఆ తీర్పు సారాంశం.

రమ్మీ ఆడినవారందరికీ ఒక సంగతి అనుభవమే. ఆఠీను అయిదు ఒంటరిగా చేతిలో ఉంటే అది భారం. దానికి ఒకవైపు నాలుగు, మరొకవైపు ఆరు వచ్చి చేరితే అదే ముక్క మన ఆటకు ఊపిరి. అనగా ముక్క విలువ ముక్కలో లేదు; దాని పొరుగున ఏమున్నదనే దానిలో ఉన్నది. ఈ చిన్న సత్యాన్ని పట్టుకొని ఒక గణిత శాస్త్రజ్ఞుడు కొత్త తరహా ఆటనే సృష్టించారు. ఆ ఆటలోని విచిత్రమైన కూర్పులను గురించి, వాటి మూలాన మాకు ఇరవై యేళ్ళ తర్వాత తెలిసివచ్చిన మా పొరపాటును గురించి పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పర్సుడీహ్ వరండాలో

గత సంక్రాంతికి మేము పని మీద జంషెడ్‌పూర్ వెళ్ళవలసివచ్చినది. టాటానగర్ స్టేషనుకు ఆవలి దిక్కున, హోల్‌సేలు మార్కెట్ యార్డు ఉన్న ప్రాంతం పర్సుడీహ్. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో మాతో ఒక ప్లాంటులో పనిచేసిన ఫిట్టరు మేస్త్రీ గారు పదవీ విరమణ తర్వాత అక్కడనే స్థిరపడ్డారు. వారి తండ్రిగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి రైల్వే పని కోసం వచ్చి, పర్సుడీహ్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకొన్నారట. ఇప్పుడది మూడవ తరం చేతికి వచ్చి మేడ అయినది. ఉక్కు కర్మాగారాన్ని, రైల్వేను నమ్ముకొని ఉత్తరాంధ్ర నుండి అలా తరలివెళ్ళిన కుటుంబాలు ఆ నగరంలో ఎన్నో ఉన్నవి.

మేము వెళ్ళిన రోజున ఊరంతా పండుగ సందడిగా ఉన్నది. మనకు సంక్రాంతి, అక్కడివారికి టుసు పరబ్. మేస్త్రీ గారి ఇంట ఒకే పళ్ళెంలో వారు వండిన అరిసెలు, పొరుగింటివారు పంపిన గుడ్ పీఠా పెట్టి ఇచ్చారు. వరండాలో చలికాలపు ఎండ. ఆ ఎండలో చాప మీద ఇద్దరు యువకులు కూర్చొని ఏవో కార్డులు పరచుకొని వాదించుకొంటున్నారు. ఒకరు మేస్త్రీ గారి మనుమడు. ఇంజనీరింగు మూడవ సంవత్సరం. రెండవవారు అతని స్నేహితుడు.

తీరా చూస్తే అవి నిజమైన కార్డులు కావు. పాత పేక ముక్కలను ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి, పైన రూళ్ళ కాగితం మీద చేతితో రాసిన చీటీలు దూర్చారు. "ఇదేమి ఆట?" అని అడిగాము.

"మ్యాజిక్ అంకుల్. అసలు కార్డులు కొనాలంటే మా నాన్న ఇల్లు అమ్మాలి" అని నవ్వాడు మనుమడు.

అది పూర్తిగా అతిశయోక్తి కాదని తర్వాత తెలిసినది. ఆ చీటీలలో 'బ్లాక్ లోటస్' అని రాసిన ఒక ముక్క ఉన్నది. దాని తొలి ముద్రణ ప్రతి ఒకటి 2021లో 5 లక్షల డాలర్లకు పైగా ధర పలికినది. స్నేహితుల మధ్య ఆటకు చేతిరాత చీటీ చాలు గనుక ఆ నల్ల తామర పర్సుడీహ్‌లో ఒక రూళ్ళ కాగితం ముక్కగా వెలసినది.

ఆట తీరు

'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఈ ఆటను రూపొందించినవారు రిచర్డ్ గార్‌ఫీల్డ్. సంయోజన గణితంలో డాక్టరేటు పొందిన అమెరికన్ ఆచార్యులు. 1993లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ దానిని విడుదల చేసినది. సేకరించుకొనే కార్డులతో ఆడే ఆటలలో ఇదియే మొదటిది. పిల్లలకు బాగా తెలిసిన పోకెమాన్ కార్డుల ఆట 1996లో జపానులో ఈ బాటలోనే వచ్చినది.

మన పేకలో 52 ముక్కలు అందరికీ ఒకటే. ఇందులో అట్లు కాదు. వేల రకాల ముక్కలలో నుండి ఎవరి కట్టను వారే కూర్చుకొంటారు. సాధారణంగా కట్టకు కనీసం 60 ముక్కలు. ప్రాథమిక భూమి ముక్కలు తప్ప ఒకే పేరుగల ముక్క నాలుగుకు మించరాదు. ఆటగాడికి మొదట 20 ప్రాణాలు. ఎదుటివాని ప్రాణాలను సున్నకు దించినవాడు గెలిచినట్లు. సాధారణంగా ముక్కలను వేయడానికి 'మానా' అనే శక్తి కావాలి. ఆ శక్తిని ఇచ్చేవి కొండ, అడవి వంటి భూమి ముక్కలు. వంతుకు ఒక్క భూమి మాత్రమే దింపవచ్చును. మన భాషలో చెప్పాలంటే భూమి అనేది విద్యుత్ సరఫరా, ముక్క అనేది యంత్రం. సరఫరా నెమ్మదిగా పెరుగుతుంది గనుక ఆట కూడా నెమ్మదిగా ముదురుతుంది.

మరొక ముఖ్యమైన నియమం ఉన్నది. ఆట సాధారణ నియమానికి, ముక్క మీద అచ్చయిన మాటకు తగవు వస్తే ముక్క మీది మాటే చెల్లుతుంది. అనగా ప్రతి ముక్కా నియమావళికి ఒక చిన్న సవరణ. రెండు ముక్కలు కలిస్తే రెండు సవరణలు కలిసినట్లు. చమత్కారమంతా అక్కడనే పుడుతుంది. ఆటగాళ్ళు దానినే 'కాంబో' అంటారు.

నాలుగు ముక్కలు, ఇరవై దెబ్బలు

కుర్రవాడు మాకు మొదట చూపినది ఈ ఆట పుట్టిన ఏడాదినాటి కూర్పు. నాలుగే ముక్కలు: మౌంటెన్, బ్లాక్ లోటస్, ఛానెల్, ఫైర్‌బాల్.

మౌంటెన్ అనేది కొండ. ఒక ఎర్ర మానా ఇస్తుంది. నల్ల తామరకు ఖర్చు లేదు. దానిని త్యాగం చేస్తే ఒకే రంగు మానా మూడు వస్తుంది. ఛానెల్‌కు రెండు ఆకుపచ్చ మానా ఖర్చు. అది వేసిన వంతులో మన ప్రాణాలను ఒక్కొక్కటిగా ఇచ్చి, ఒక్కొక్క మానాగా మార్చుకోవచ్చును. ఫైర్‌బాల్ అనేది అగ్నిగోళం. ఒక ఎర్ర మానాకు తోడు ఎంత మానా పోస్తే అంత దెబ్బ.

ఇక లెక్క చూడండి. తామర నుండి మూడు ఆకుపచ్చ మానా తీసుకొన్నాము. రెండు ఛానెల్‌కు పోగా ఒకటి మిగిలినది. 20 ప్రాణాలలో 19 ఇచ్చి 19 మానా పొందాము. మిగిలిన ఒకటితో కలిపి 20. కొండ ఇచ్చిన ఎర్ర మానాతో అగ్నిగోళాన్ని వెలిగించి ఆ 20 అందులో పోశాము. ఎదుటివాని ప్రాణాలు సరిగ్గా 20. ఆట మొదటి వంతులోనే ముగిసినది. మన చేతిలో మిగిలినది ఒకే ఒక ప్రాణం!

లెక్క ఒక్క అంకె కూడా అటు ఇటు కాకుండా సరిపోవడం చూచి మాకు ఆశ్చర్యం కలిగినది. విడిగా చూస్తే ఛానెల్ ముక్క ప్రమాదం వేసినవానికే. అగ్నిగోళం మానా లేకుంటే ఉత్త నిప్పురవ్వ. కలిసినప్పుడు మాత్రం ఆటలోని కాలమానమే మారిపోయినది. తరువాత నిర్వాహకులు నల్ల తామరను చాలా పోటీలలో నిషేధించారు. అనుమతించిన కొద్దిపాటి విభాగంలోనూ కట్టకు ఒక్కటే అని కట్టడి చేశారు.

దానమిచ్చిన అప్పు

రెండవ కూర్పు మరింత గడుసైనది. 1995లో 'ఇల్యూజన్స్ ఆఫ్ గ్రాండర్' అనే ముక్క వచ్చినది. వైభవ భ్రమలు అని చెప్పుకోవచ్చును. అది దిగగానే మనకు 20 ప్రాణాలు అదనంగా వస్తాయి. అది తొలగిపోయినప్పుడు ఎవరి ఆధీనంలో ఉంటే వారు 20 ప్రాణాలు కోల్పోతారు. దానిని నిలుపుకోవాలంటే వంతు వంతుకూ రుసుము చెల్లించాలి. మొదట 2, తర్వాత 4, ఆపై 6 మానా, ఇట్లు పెరుగుతూ పోతుంది. అచ్చముగా చక్రవడ్డీ అప్పు. తెలివైనవాడెవడూ అటువంటి అప్పు జోలికి పోడు.

నాలుగేళ్ళ తర్వాత, 1999లో 'డొనేట్' అనే మరొక ముక్క వచ్చినది. మన ఆధీనంలోని ఏదో ఒక ముక్కను మరొకరికి దానమివ్వడమే దాని పని. చూడగానే పనికిమాలిన ముక్క అనిపిస్తుంది. శత్రువుకు దానమెవరు చేస్తారు?

ఈ రెంటినీ ఒకచోట చేర్చినవారు చేశారు. అప్పు తెచ్చి 20 ప్రాణాలు తాము అనుభవించి, అప్పు పత్రాన్ని మాత్రం ఎదుటివానికి దానమిచ్చారు. ఇక రుసుము కట్టవలసినవాడు అతడే. కట్టలేని నాడు 20 ప్రాణాలు పోయేవీ అతనివే. ఇది వినగానే మేస్త్రీ గారు "మా ఊళ్ళో జామీను సంతకాల లాగుంది" అని నవ్వారు.

ఇక్కడ గమనించదగినది కాలం. 1995లో మొదటి ముక్కను రాసినవారికి 1999 నాటి ముక్క ఎట్లుండునో తెలియదు. రెండవ ముక్కను రాసినవారు మొదటిదాన్ని గుర్తు తెచ్చుకొని ఉండాలి. మార్పు ఎప్పుడూ కొత్తదే అయినను, అది పోయి తగిలేది పాతదానికి.

గాయానికి బదిలీ ఉత్తర్వు

పోకెమాన్ కార్డులలోనూ ఇటువంటి అందమైన కూర్పు ఒకటి ఉన్నదని రెండవ కుర్రవాడు చెప్పాడు. తొలి ముద్రణలోని అలకజామ్ అనే ప్రాణికి ఒక శక్తి ఉన్నది. మన ప్రాణులలో ఒకదానికి తగిలిన గాయాన్ని, ఎన్నిసార్లయినా, మరొకదానికి తరలించవచ్చును. ఆ తరలింపుతో ప్రాణం మాత్రం పోరాదు. చాన్సీ అనే మరొక ప్రాణికి 120 ప్రాణ పాయింట్లు ఉన్నవి. వెనుక బల్ల మీద ఊరకనే కూర్చొని ఉంటుంది. మూడవది పోకెమాన్ సెంటర్ అనే ముక్క. అది గాయపడిన మన ప్రాణులన్నింటినీ ఒక్కసారిగా స్వస్థపరుస్తుంది. దాని మూల్యం భారీ: స్వస్థపడిన ప్రాణులకు అమర్చిన శక్తి ముక్కలన్నీ పారవేయాలి.

కిటుకు ఎక్కడున్నదంటే, ముందున్న ప్రాణి తిన్న దెబ్బలన్నింటినీ అలకజామ్ ద్వారా చాన్సీ మీదికి మళ్ళిస్తారు. చాన్సీకి శక్తి ముక్కలేవీ అమర్చరు. తరువాత సెంటర్ ముక్క వేస్తారు. గాయపడినది చాన్సీ ఒక్కటే, దాని వద్ద పారవేయడానికి ఏమీ లేదు. అనగా వైద్యం జరిగినది, బిల్లు సున్న! ఎదుటివాడు కొట్టీ కొట్టీ, కట్టలోని ముక్కలు అయిపోయి, తీయడానికి మరేదీ లేక ఓడిపోతాడు.

మేము దీనిని విని ఇంజనీరుగా మెచ్చుకొన్నాము. ఒత్తిడిని భరించగల భాగం వైపు మళ్ళించడం మన వృత్తిలోనూ మంచి రూపకల్పనే. కాని పక్కవాని పద్దులోకి నష్టాన్ని తరలించి, మన పద్దు శుభ్రంగా ఉన్నదని చెప్పుకోవడం కూడా ఇటువంటిదే. ఆ రెంటికీ మధ్య గీత సన్ననిది. ఈ మాట మాకు ఆ క్షణాన తట్టలేదు, కొద్దిసేపటికి తట్టినది.

సహేలీ, మార్జాలం

చివరగా మనుమడు చూపినది మన దేశంతో కొంత చుట్టరికం ఉన్న కూర్పు. 2016లో ఈ ఆటలో 'కలదేశ్' అనే కొత్త లోకాన్ని తెచ్చారు. భారతదేశపు రంగులు, నగిషీలు, పేర్లు ప్రేరణగా తీర్చిన లోకమది. అందులో సహేలీ రాయ్ అనే ఒక లోహశిల్పి పాత్ర ఉన్నది. ఆమె మూడు పాయింట్ల బలంతో దిగుతుంది. అందులో రెండు ఖర్చు చేస్తే మన ప్రాణి ఒకదానికి నకలు తయారు చేయగలదు. ఆ నకలు వెంటనే దాడికి వెళ్ళవచ్చును. వంతు ముగియగానే మాయమవుతుంది. వంతుకు ఒక్కసారే ఆ శక్తిని వాడవలెను. కట్టుదిట్టమైన ముక్కయే కదా!

2017 జనవరిలో ఫెలిడార్ గార్డియన్ అనే మార్జాల మృగం వచ్చినది. దాని కొట్టు 1 మాత్రమే. అది దిగినప్పుడు మన ముక్కలలో మరొకదానిని ఒక క్షణం ఆట నుండి తొలగించి, వెంటనే తిరిగి దింపవచ్చును. ఇది కూడా సాధుస్వభావం గల ముక్కయే.

రెంటినీ కలపండి. సహేలీ రెండు పాయింట్లు ఖర్చు చేసి మార్జాలానికి నకలు చేసినది. ఆమె బలం మూడు నుండి ఒకటికి దిగినది. నకలు మార్జాలం దిగుతూనే సహేలీని తొలగించి తిరిగి దింపినది. తిరిగి దిగిన సహేలీ నియమం ప్రకారం సరికొత్త ముక్క. ఆమె బలం మళ్ళీ మూడు. వంతుకు ఒక్కసారే అన్న లెక్క కూడా చెరిగిపోయినది. కనుక మళ్ళీ నకలు, మళ్ళీ తొలగింపు, మళ్ళీ మూడు. ఆపేవారు లేరు. ఇరవై కావాలంటే ఇరవై, లక్ష కావాలంటే లక్ష మార్జాలాలు. ఒక్కొక్కటి ఒక్క దెబ్బ కొట్టినా ఎదుటివాడు నిలువడు.

కొత్త ముక్కల వివరాలు బయటకు రాగానే ఆటగాళ్ళు ఈ జంటను పసిగట్టారు. రూపకర్తలు మాత్రం తయారీలో ఇది తమ కంట పడలేదని తర్వాత ఒప్పుకొన్నారు. చివరకు 2017 ఏప్రిల్‌లో ఆ మార్జాలాన్ని ప్రధాన పోటీ విభాగం నుండి నిషేధించారు. అదీ ఎట్లు? ముందుగా ప్రకటించిన నిషేధాల జాబితాలో దాని పేరు లేదు; రెండు రోజుల తర్వాత మనసు మార్చుకొని చేర్చారు. అంతవరకు పోటీలలో చాలామంది ఆ జంటను తెచ్చుకోవడానికి, మిగిలినవారు దానిని ఆపడానికి ఆలోచించవలసి వచ్చినది.

మనుమడు వివరణ ముగించగానే మేస్త్రీ గారు కుర్చీ ముందుకు జరుపుకొన్నారు.

"ఒరే, ఆ బొమ్మ మళ్ళీ మూడుకెలా వచ్చీసింది?"

"తీసి మళ్ళీ పెడితే కొత్తదే కదా తాతయ్యా. పాత లెక్క దానికి గుర్తుండదు."

మేస్త్రీ గారు మా వైపు తిరిగారు. "సార్, ఇది మన పంపు కతే గదేటి!" అన్నారు.

మా పంపు కథ

ఆ మాటతో మాకు నోట మాట రాలేదు. ఆ కథను ఇక్కడ చెప్పడం మా బాధ్యత అని భావిస్తున్నాము.

ఇరవై యేళ్ళకు మునుపు, మేమిద్దరం పనిచేసిన ప్లాంటులో శీతలీకరణ నీటికి ఒక సంపు, రెండు పంపులు ఉండేవి. ఒకటి నడిచేది, రెండవది స్టాండ్‌బై. పైపులో ఒత్తిడి పడిపోతే రెండవ పంపు తనంతట తాను మొదలయ్యే ఏర్పాటును మేమే ప్రతిపాదించాము. మంచి మార్పు, మంజూరయినది. కొన్ని నెలలకు మరొక విభాగంవారు సంపులో నీటిమట్టం తగ్గితే పంపులు ఆగిపోయే ఏర్పాటు ప్రతిపాదించారు. పొడిగా తిరిగి పంపు పాడవకుండా అది రక్షణ. రాత్రిపూట మనిషి వెళ్ళి రీసెట్ చేయవలసిన పని లేకుండా, మట్టం పెరగగానే ఆ అడ్డు తనంతట తానే తొలగేటట్లు అమర్చారు. అదీ మంచి మార్పే, అదీ మంజూరయినది. ఆ రెండు కాగితాల మీదా మా సంతకం ఉన్నది. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి మాత్రం మేము ఏనాడూ చదువలేదు.

ఒక వేసవి రాత్రి సంపులోకి వచ్చే నీటి గొట్టంలో జల్లెడ పూడుకొన్నది. మట్టం తగ్గినది, పంపులు ఆగినవి. పంపులు ఆగగానే పైపులలోని నీరు వెనుకకు జారి సంపులో చేరినది, మట్టం పెరిగినది, అడ్డు తొలగినది. పైపులో ఒత్తిడి లేదు గనుక స్టాండ్‌బై పంపు మొదలయినది. క్షణాలలో మట్టం తగ్గినది, ఆగినది. మళ్ళీ నీరు జారినది, మళ్ళీ మొదలయినది. ఇట్లు డజను సార్లకు పైగా జరిగినది. పెద్ద మోటారును గంటకు ఇన్నిసార్లకు మించి మొదలుపెట్టరాదని మనందరికీ తెలుసును. ప్రతి ప్రారంభంలోను తీగచుట్టలోకి పలురెట్లు కరెంటు ప్రవహించి వేడెక్కుతుంది. ఆ లెక్కను ఉంచే ఏర్పాటు ఏదీ అక్కడ లేదు. తెల్లవారేసరికి చుట్టలు కాలిపోయినవి.

మోటారు కాలితే మరొకటి వచ్చును. అసలు విషయం అది కాదు. మధ్యలో జల్లెడ చూడడానికి పంపించిన మేస్త్రీ గారు పంపు ఆగి ఉండడం చూచి, కప్లింగు గార్డు బోల్టు మీద పానా పెట్టారు. ఆ క్షణాన పంపు తనంతట తాను తిరిగినది. పానా ఎగిరి గోడకు తగిలినది. వారి చేయి దక్కినది. అది మా ముందుచూపు వలన కాదు, వారి అదృష్టం వలన.

విచారణ జరిగినది. పర్మిటు తీసుకోకుండా, విద్యుత్ సరఫరా విడదీయించకుండా యంత్రం మీద చేయి వేయడమే కారణమని నివేదిక తేల్చినది. ఆయన ఇంక్రిమెంటు ఒకటి నిలిచిపోయినది. ఆ నివేదిక మీద కూడా సభ్యులుగా మా సంతకం ఉన్నది. అందులోని ప్రతి వాక్యమూ నిజమే. ఐతే అది సగం నిజం. మిగిలిన సగం మా రెండు కాగితాలలో ఉండిపోయినది. గాయాన్ని చాన్సీ మీదికి మళ్ళించి మా పద్దును శుభ్రంగా ఉంచుకొన్నాము.

ఈ మాట వరండాలో మేస్త్రీ గారితో అన్నాము. ఆయన కొంతసేపు ఊరకున్నారు.

"రిపోర్టులో రాసింది అబద్దమేటీ కాదు సార్. నాను పర్మిటు తీసుకోనేదు. గానీ పంపు దానంతటది తిరుగుద్దని నాకెవులూ సెప్పనేదు" అన్నారు.

ఆ వాక్యం విచారణలో రాయబడలేదు. రాయబడి ఉండవలసినది.

ఎన్ని జంటలు?

మిత్రులు అడుగవచ్చును: "అన్ని జంటలనూ ముందే పరిశీలించితే సరిపోదా?" కొంత లెక్క వేసి చూద్దాము. 1993లో ఆ ఆట దాదాపు 300 ముక్కలతో మొదలయినది. 300 ముక్కలలో జంటలు సుమారు 45 వేలు. ఓపిక ఉంటే పరిశీలించవచ్చును. నేడు అందులో 25 వేలకు పైగా వేర్వేరు ముక్కలున్నవి. 25 వేల ముక్కలలో జంటలు 31 కోట్లకు పైచిలుకు. మూడేసి చొప్పున తీసుకొంటే సుమారు 2.6 లక్షల కోట్లు. ముక్కలు ఎనభై రెట్లు పెరిగితే జంటలు దాదాపు ఏడు వేల రెట్లు పెరిగినవి. ప్లాంటులో ఒక్కొక్క సవరణను చేర్చుకొంటూ పోయే మనకు ఈ లెక్క హెచ్చరిక కావాలి.

ఇంకొక వింత ఉన్నది. 2019లో అలెక్స్ చర్చిల్, స్టెల్లా బిడర్‌మన్, ఆస్టిన్ హెరిక్ అనే ముగ్గురు ఈ ఆటపై ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ఈ ఆటలోని ముక్కలను తగిన విధంగా పేర్చితే అవి కంప్యూటరులాగా లెక్కలు చేయగలవని వారు నిరూపించారు. 1936లో ఆలన్ ట్యూరింగ్ చూపిన పరిమితి కనుక ఈ ఆటకూ వర్తిస్తుంది. అనగా ఏ ఆట ఎట్లు ముగియునో అన్ని సందర్భాలలోను ముందుగా తేల్చి చెప్పగల ఒకే పద్ధతి ఉండజాలదు. పిల్లలాటలోనే ఇంత లోతు ఉంటే, నీరు, ఆవిరి, విద్యుత్తు, మనుష్యులు కలిసి పనిచేసే చోట "అంతా చూచాము" అనడం సాహసమే.

ఐనను నిరాశ పడనక్కర లేదు. 1960 దశకంలో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. రసాయన సంస్థలో రూపుదిద్దుకొన్న హజాప్ పద్ధతి ఈ సమస్య కోసమే పుట్టినది. వేర్వేరు విభాగాలవారు ఒక బల్ల చుట్టూ కూర్చొని, ప్రతి గొట్టం విషయంలోను ఎక్కువైతే ఏమి, తక్కువైతే ఏమి, వెనుకకు పారితే ఏమి అని అడుగుతారు. మా సంపు వద్ద "వెనుకకు పారితే ఏమి?" అన్న ఒక్క ప్రశ్న వేసి ఉంటే కథ మరో విధంగా ఉండేది.

పర్సుడీహ్ నుండి వచ్చిన తర్వాత, మా బల్ల మీదికి వచ్చే ప్రతి మార్పు ప్రతిపాదనకూ మేము మూడు ప్రశ్నలు జోడిస్తున్నాము. ఒకటి, ఇది ఏ పాత మార్పును పోయి తాకుతుంది? ఆ పాత కాగితం పక్కన పెట్టి చదివామా? రెండు, ఇందులో తనంతట తాను రీసెట్ అయ్యేది ఏదైనా ఉన్నదా? ఉంటే, ఎన్నిసార్లు అయినదో లెక్క ఎవరు ఉంచుతారు? మూడు, ఆ యంత్రం దగ్గరకు చేతిలో పానాతో వెళ్ళే మనిషికి ఈ సంగతి ఎవరు చెప్తారు? మూడవ ప్రశ్నకు జవాబుగా ఒక పేరు రాయనిదే మేము సంతకం చేయడం లేదు.

సాయంత్రం బయలుదేరుతుండగా మనుమడు ఒక ప్లాస్టిక్ తొడుగు మా చేతిలో పెట్టాడు. లోపల రూళ్ళ కాగితం మీద అతని చేతిరాతతో సహేలీ రాయ్ ఉన్నది. వెనుక వైపున పాత పేక ముక్క. చూస్తే ఆఠీను అయిదు. ఇప్పుడది మా కార్యాలయంలో సంతకాల ఫైలు మీద ఉన్నది. మేస్త్రీ గారికి పోయిన ఇంక్రిమెంటును మేము తెచ్చి ఇవ్వలేము. ఆనాటి నివేదికలో రాయని సగాన్ని రాయడానికి మాకు దొరికిన చోటు ఈ పత్రిక, ఆలస్యంగానైనా రాశాము.